డైనోసార్ సినిమాలో మారిపోయిన గుండు

జేబులో సెల్‌ఫోను లేని ఆ కాలంలో ఎవరైనా తప్పిపోతే నిజంగానే తప్పిపోయేవారు. వెతుక్కుంటూ వెళ్ళడం తప్ప వేరే దారి ఉండేది కాదు. అలాంటి కాలంలో, పుంగనూరులో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో యూకేజీ పిల్లలకు సారుగా ఉంటూ, నేను ఒక పిల్లవాడిని మదనపల్లె సినిమా హాల్లో వదిలేసి, వాడి బదులు ఇంకో పిల్లవాడిని వ్యానెక్కించుకుని బయలుదేరాను. తప్పు నాదే. పిల్లలను చూసుకోవడానికి వచ్చిన ఆయమ్మది కాదు, వ్యాను డ్రైవరుది కాదు, తెర మీద గర్జించిన డైనోసార్‌ది అసలే కాదు. (చాలా ఏళ్ళు దాని మీదికే తోశాను.)

మాది కుప్పం. డిగ్రీ చేతికి రాగానే దొరికిన మొదటి ఉద్యోగం అది. మదనపల్లెకి తెలుగులో మాట్లాడే డైనోసార్ల బొమ్మల సినిమా వచ్చిందనీ, బడిపిల్లల కోసం మధ్యాహ్నం ఒక ఆట వేస్తున్నారనీ తెలిసి మా హెడ్‌మేడం యూకేజీ వాళ్ళను తీసుకెళ్ళమంది. అందరి ఇళ్ళల్లోనూ సరేనన్నారు, ఒక్క తాత తప్ప. ఆయన సోమల దారిలో ఒక పల్లెలో వేరుశనగ పండించే రైతు. కూతురికి పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన మనవడిని రోజూ తనే మోపెడ్ మీద తెచ్చి దింపి, సాయంత్రం తనే వచ్చి తీసుకుపోయేవాడు. ఆ వారమే తిరుమలలో మొక్కు తీర్చి వచ్చారు. పిల్లవాడికి నున్నటి గుండు, దాని మీద పచ్చటి చందనం. బడిలో వాడి అసలు పేరు అందరూ మర్చిపోయి గుండు అనే పిలుస్తున్నారు.

"సినిమాకి యాల సారూ? అంత జనంలో బిడ్డ తప్పిపోతే?" అన్నాడు తాత.

"నేనుండాను కదా తాతా. నా పక్కనే కూర్చోబెట్టుకుంటా" అన్నాను, పులులను ఆడించేవాడిలా.

హాల్లో మా ముందు వరసల్లో కలకడ నుంచి వచ్చిన ఇంకో బడి పిల్లలున్నారు. వాళ్ళకీ మా పిల్లలకీ ఒకటే నీలం గళ్ళ చొక్కా. సినిమా మొదట్లో ముద్దుగానే ఉంది. ఒక బుల్లి డైనోసార్ గుడ్డులోంచి బయటికొచ్చి, ఆకు తిని, తుమ్మి వెనక్కి పడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. "భయపడొద్దండి, బొమ్మలే, సారుండాడు" అని నేను ఎవరూ అడగకుండానే ధైర్యం చెబుతూ ఉన్నాను. ఇంతలో బండ వెనక నుంచి రంపం లాంటి పళ్ళున్నది ఒకటి తెర నిండా మొహం పెట్టి గర్జించింది. నిజం చెప్పాలి కదా, ముందు అరిచింది పిల్లలు కాదు. నేను. "అమ్మా!" అని కేకపెట్టి రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నాను. సారే అరిచాక పిల్లలకేం మిగిలింది? కొందరు కుర్చీల కిందికి, కొందరు వెనక్కి, కొందరు ముందుకి. ముందు వరసల పిల్లలు మా వైపుకి ఎగబడ్డారు. హాలువాళ్ళు లైట్లు వేసేదాకా ఎవరి ఒడిలో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. తర్వాత ఎక్కడ పడితే అక్కడ కూర్చోబెట్టి మిగతా సినిమా చూపించాం.

బయటికొచ్చాక నేను తలలు లెక్కపెట్టాను, మొహాలు చూడలేదు. గుండు ఉన్నాడా? ఉన్నాడు. ఆయమ్మ భుజం మీద నిద్రపోతూ, నెత్తిన చందనంతో సహా. ఒక పాప నా ప్యాంటు లాగి, "సార్, ఈ గుండు..." అని ఏదో చెప్పబోయింది. అరిచినప్పుడు పోయిన పరువును ఎలాగైనా తిరిగి తెచ్చుకోవాలన్న పంతంలో ఉన్నాను కదా, "నోరు మూసుకొని ఎక్కు" అని గద్దించాను.

సగం దారిలో ఆయమ్మ పిల్లవాడికి నీళ్ళు తాగించబోయి ఆగిపోయింది.

"సారూ, ఈ గుండు మన గుండు కాదు."

"గుండు గుండే కదా ఆయమ్మా."

"మనోడికి చెవులు కుట్టించినారు. ఈ బిడ్డకి యాడుండాయి బొక్కలు? సూడు!"

చూశాను. చెవులు నున్నగా ఉన్నాయి. ఇందాకటి పాప వెనక సీట్లోంచి, "నేను అప్పుడే చెప్పబోతి, సారే నోరు మూసుకోమన్నాడు" అని వ్యానంతా వినిపించేలా చెప్పింది. పిల్లవాడు కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"మీ ఊరేదప్పా?"

"మా ఊరే."

"మీ నాయన పేరేంది?"

"నాయన."

"మీ అమ్మ నిన్నేమని పిలుస్తాది?"

వాడు కాసేపు ఆలోచించి, "నాకు ఉచ్చొస్తాండాది" అన్నాడు.

"వ్యాను తిప్పు అన్నా, తిప్పు!" అని డ్రైవరు భుజం పట్టుకున్నాను. తిరుగుదారి అంతా నా కళ్ళ ముందు ఒకటే బొమ్మ. బడి గేటు దగ్గర మోపెడ్ పక్కన నిలబడి తాత చెయ్యి చాపుతాడు. ఆ చేతిలో నేనేం పెట్టాలి? మా వాడు రోడ్డు మీదికి పోయి ఉంటే? ఎవరైనా బస్సెక్కించి ఉంటే? నేనూ తిరుమలకు గుండు మొక్కుకున్నాను. (తర్వాతి నెలలో తీర్చుకున్నాను కూడా. మా అమ్మ కారణం అడిగితే చుండ్రు అన్నాను.)

హాలు మెట్ల మీద నీలం గళ్ళ చొక్కాలు కనబడగానే వ్యాను ఆగకముందే దూకాను. పిల్లల మధ్యలో మా గుండు బొరుగులు నములుతూ, రెండు కాళ్ళూ పైకి లాక్కుని "అమ్మా!" అని కేకపెట్టి చూపిస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. కలకడ బడి టీచరమ్మ, పెద్దావిడ, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"అరిచిన సారు నువ్వేనా?"

తల ఊపాను.

"ఊరడిగితే చెప్పడు, పేరడిగితే చెప్పడు. మీ సారెవురప్పా అంటే అరిచిన సారు అన్నాడు. మా గుండు నీతో వచ్చేసినాడని అప్పుడు అర్థమయింది. తిరిగి రాక యాడికి పోతాడులే అని ఈడనే కూర్చున్నాం."

ఆమె తన గుండును తీసుకుంది, నేను నా గుండును ఎత్తుకున్నాను. వాడితో సహా మెట్ల మీదే కూర్చున్నాను. ఏడ్చాను. గుండు బొరుగుల చేత్తో నా చెంప తుడిచి, "యాల ఏడుస్తాండావు సార్? డైనోసార్ పోయిందిలే" అన్నాడు.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బడి చేరేసరికి పొద్దు వాలింది. తాత గేటు దగ్గరే ఉన్నాడు. "టైరు పంచరయింది తాతా" అన్నాను. నోరు దానంతటదే ఆడింది. ఆయన మనవడిని ముందు కూర్చోబెట్టుకుని, "ఎండలో శానా కష్టపడినట్టుండావు సారూ" అని వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు రాత్రి అన్నం దిగనివ్వలేదు.

ఆదివారం బస్సెక్కి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. తాత కళ్ళంలో వేరుశనగ కాయలు వలుస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. చెవుల సంగతి, నా అరుపు, పంచరు అబద్ధం, అన్నీ. ఆయన చేతిలోని కాయ వలవడం ఆపలేదు.

"పిల్లోడు ఆ పొద్దే చెప్పినాడు సారూ. నువ్వు అరిచినట్టు ఇంటిల్లిపాదికీ చేసి సూపిచ్చినాడు. వీడి తల్లి బడి మానిపిస్తానన్నది. ఉండమ్మా, ఆ సారు పిల్లోడు వచ్చి చెప్తాడేమో సూద్దాం అన్నాను. రాకుంటే మానిపించే ఉందును."

"ఆ సినిమా ఇంకా ఆడుతుండాది తాతా. మీరూ రండి. ఆ గొడవలో గుండు సినిమా సరిగ్గా చూడనే లేదు, నేను చూపిస్తా" అన్నాను. ఆయన కాసేపు నవ్వి, లేచి చొక్కా వేసుకున్నాడు.

అలా ఆ మధ్యాహ్నం ముగ్గురం మదనపల్లె బస్టాండులో దిగాం. సంతరోజులా జనం. గుండు మాకు ముందు, దారి తెలిసినవాడిలా గెంతుకుంటూ నడుస్తున్నాడు. తాత వాడిని ఒక్కసారి కేకేసి దగ్గరుండమన్నాడు కానీ, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. పట్టుకున్నది నా చెయ్యి. రోడ్డు దాటి, టిక్కెట్లు తీసుకుని, చీకట్లో సీట్లు వెతుక్కుని కూర్చునేదాకా వదల్లేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. సిగ్గేసింది గానీ, ఆ చెయ్యి విడిపించుకోవాలని మాత్రం అనిపించలేదు.