నీళ్లొచ్చాయా, మేయర్ గారూ?

మా మేయర్ గారు పోయారు. శుక్రవారం పొద్దున్నే వాళ్లావిడ ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయాడు, నువ్వు రా" అంది. మిషిగన్‌లో మా ట్రాయ్ ఊళ్లో మార్చి మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. వాళ్ల అపార్ట్‌మెంట్స్ ముందు కారు దిగగానే కాలు జారింది. ఆయన ఉంటే పార్కింగ్ లాట్‌లో మంచు కరగడానికి ఉప్పు చల్లలేదని ఈపాటికి లీజింగ్ ఆఫీసుకి ఫోన్ వెళ్లిపోయేది కదా అనుకున్నాను. ఏడుపు అప్పుడొచ్చింది.

ఆయన అమెరికాలో ఏ ఊరికీ మేయర్ కాదు. బోస్నియాలో ఆకుపచ్చటి ఏటి పక్కన, కొండకి ఆనుకుని ఉన్న ఓ చిన్న ఊరికి, యుద్ధానికి ముందు మేయర్. బోస్నియా ముస్లిం. యుద్ధంలో అవతలి జాతివాళ్లు ఆ ఊళ్లోంచి ముస్లింలందర్నీ తరిమేస్తే, భార్యాభర్తలిద్దరూ మిషిగన్ చేరారు. మేయర్ గారు కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. మేం ఆ అపార్ట్‌మెంట్స్‌లో దిగేసరికి ఎదురు తలుపు వాళ్లది. ఆ మెట్ల మీద చెప్పులు గుమ్మం బయట విడిచే ఇళ్లు మా రెండే. స్నేహానికి అది చాలింది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చి, స్నానం చేసి, కోటు తొడుక్కుని మెయిల్‌బాక్సుల దగ్గరికి బయల్దేరేవారు. ఉత్తరాల కోసం కాదు, జనం కోసం. ఎవరు కనిపించినా చెయ్యి కలిపి, "అన్నీ పనిచేస్తున్నాయా?" అని అడిగేవారు. బల్బు, హీటరు, మోకాలు, ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే వచ్చేసేవి. రిసెషన్‌లో మా ఆయనకి లేఆఫ్ అయినప్పుడు, తెలిసినవాళ్లంతా "ఏమైనా దొరికిందా?" అని అడిగి అడిగి ప్రాణం తీశారు. మేయర్ గారు మాత్రం కాఫీకి పిలిచి, ఏమీ అడక్కుండా కూర్చోబెట్టుకున్నారు. "గెలిచినవాడింటికి జనం ఎలాగూ వస్తారు. ఓడినవాడింటికి మనం వెళ్లాలి" అనేవారు. ఆ మాట మా ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

మా మావయ్యగారు తెనాలిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆర్నెల్లుండటానికి మా దగ్గరికి వచ్చినప్పుడు, ఎదురింటాయన మేయర్ అని తెలియగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తమరిది ఏ పార్టీ అండీ?" రెండోది, "మెజారిటీ ఎంత?" ఎన్నో ఎన్నికలకి పోలింగ్ డ్యూటీ చేసిన మనిషి మరి. ఇద్దరి ఇంగ్లిషుకీ మధ్య వారం రోజులు నేను దుబాసీగా ఉన్నాను. తర్వాత నా అవసరం లేకుండా పోయింది. రోజూ సాయంత్రం వాళ్ల బాల్కనీలో సభ. చిన్న రాగి గిన్నెలో కాచిన చిక్కటి కాఫీ, చెవి లేని బుల్లి కప్పులు, ముంచుకుని కొరుక్కోవడానికి పంచదార బిళ్ల. మొదటిసారి కప్పు చూసి, "అమ్మాయ్, ఇది కాఫీయా, తీర్థమా?" అన్నారు మావయ్యగారు.

ఊరి సంగతి చెప్పేటప్పుడు మేయర్ గారు పార్కింగ్ లాట్ వైపే చూసేవారు. పొగమంచు దిగిన సాయంత్రాల్లో కార్ల వరస అవతల నిజంగానే ఏరుందేమో, వంతెన మీద ఎవరో నడిచొస్తున్నారేమో అనిపించేది. అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది ఆయన కట్టించిన రాతి కుళాయి గురించి. కొండ మీది ఊట నుంచి గొట్టం వేయించి, పై వీధిలో పెట్టించారట. యుద్ధంలో ఆ గొట్టం పగిలి, కుళాయి ఎండిపోయింది. పోయినవాళ్ల పేరున కుళాయి పెట్టించడం వాళ్లలో పుణ్యమని చెప్పారొకరోజు.

"మా చలివేంద్రం లాగన్నమాట" అన్నారు మావయ్యగారు. మా అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఏటా వేసవిలో తెనాలి బస్టాండు దగ్గర ఆయన ఒకటి పెట్టిస్తారు.

"ఆవిడ ఫొటో ఎక్కడ పెడతారు?" అడిగారు మేయర్ గారు. ఎంతైనా రాజకీయ నాయకుడు.

"ఫొటో లేదు, బోర్డూ లేదండీ. దాహమేసినవాడు నీళ్లు చూస్తాడు గానీ బోర్డు చదవడు."

మేయర్ గారు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నారు. ఆ రోజే మావయ్యగారు ఆయనకి "నీళ్లొచ్చాయా?" అనడం నేర్పారు. మా ఊళ్లలో పొద్దున్నే ఇరుగూ పొరుగూ పలకరించుకునేది ఇలాగేనని చెప్పారు. అప్పట్నుంచి వాళ్లిద్దరికీ అదే గుడ్ మార్నింగ్.

ప్రపంచమంతా చెదిరిపోయిన ఆ ఊరివాళ్లకి పోస్టులో ఓటు వేసే వీలుంది. వాళ్లంతా కలిసి మేయర్ గార్ని అక్కడి మున్సిపల్ కౌన్సిల్‌కి నిలబడమన్నారు. కుళాయి మళ్లీ పారించాలన్నదే ఆయన ఆశ. వాళ్లావిడ ససేమిరా అంది. నా ముందే అంది.

"ఆ కుళాయి దగ్గరే కదా నా తమ్ముణ్ణి పట్టుకెళ్లారు. మళ్లీ రాలేదు వాడు. అది ఎండిపోయే ఉండాలి. ఇప్పుడా వీధిలో ఉన్నదంతా వాళ్ల మనుషులు. వాళ్లకి నువ్వు నీళ్లు పోస్తావా?"

నాకైతే ఆవిడ కోపమే న్యాయం అనిపించింది. ఇప్పటికీ అది తప్పని అనలేను.

అయినా నిలబడ్డారు, గెలిచారు. అప్పటికి ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యారు. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడే ఉండి, చలికాలం ఇక్కడికి వచ్చేవారు. తనని తరిమేసిన పార్టీవాళ్ల పక్కనే కూర్చుని, ప్రతి మీటింగులోనూ ఆ నీళ్ల సంగతే ఎత్తేవారట. చివరికి వాళ్లు ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. కుళాయి మీద ఎవరి పేరూ ఉండకూడదు.

ఆ చలికాలం వచ్చి ఈ మాట చెబితే ఆవిడ, "నా తమ్ముడి పేరు కూడా లేకుండానా?" అంది.

"పేరు లేకపోయినా ఆ నీళ్లు వాడివే. తెనాలి హెడ్మాస్టర్ని అడుగు" అన్నారాయన. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇక్కడున్న బోస్నియా వాళ్లు కూడా, తరిమేసినవాళ్లతో చెయ్యి కలిపాడని, కాఫీకి రావడం మానేశారు. ఓడినవాడింటికి వెళ్లాలని చెప్పిన మనిషి, గెలిచాక ఒంటరివాడయ్యాడు.

తర్వాత గుండె దెబ్బతింది. విమానం ఎక్కొద్దన్నారు డాక్టర్లు. అక్కడ గొట్టం పని సాగుతూ ఆగుతూ ఉండిపోయింది. అప్పటికి మేం సొంతిల్లు కొనుక్కుని నాలుగు వీధులవతలికి మారాం. ఆదివారాలు తెనాలి నుంచి మావయ్యగారు ఫోన్ చేసి, "మేయర్ గారికి నీళ్లొచ్చాయా?" అని అడిగేవారు. నేను వెళ్లి అదే మాట అడిగితే, "ఇంకా లేదు" అనేవారాయన, తెలుగులోనే.

మట్టి చేసి వచ్చాక మావయ్యగారికి ఫోన్ చేశాను. "అమ్మాయ్, ఆ రోజు నీళ్ల చప్పుడు సరిగ్గా విన్నాడా ఆయన?" అన్నారు.

విన్నారు. నేను అక్కడే ఉన్నాను.

పోయిన ఏడాది ఆకులు రాలే రోజులు. పులిహోర డబ్బా ఇద్దామని వెళ్లాను. ఫోన్ మోగింది. కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి ఆయనకి అడ్డుపడిన అవతలి పార్టీ మనిషే చేశాడు. మేయర్ గారు స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టారు. వాళ్ల భాషలో రెండు ముక్కలు మాట్లాడి అతను ఊరుకున్నాడు. ఏదో గరగరమంది. లైను బాగాలేదనుకున్నాను. అది మెల్లగా చిక్కబడి, రాతి మీద పడుతున్న ధార అయింది. మేయర్ గారు నా వైపు తిరిగి, "నీళ్లొచ్చాయి" అన్నారు.

ఫోన్ కట్ చెయ్యలేదు. అటు అతనూ చెయ్యలేదు. కాఫీ చల్లారిపోయింది. బాల్కనీ అవతల ఎర్రటి ఆకులు ఒక్కొక్కటే కార్ల మీద వాలుతున్నాయి. వంటింటి గుమ్మంలో ఆవిడ ఎప్పట్నుంచి నిలబడి ఉందో మాకు తెలియదు. లోపలికి వెళ్లింది. కోపంతో వెళ్లిందనుకున్నాను.

గాజు గ్లాసుతో తిరిగొచ్చింది. ఖాళీ గ్లాసు. నీళ్లు పారుతున్న ఆ ఫోన్ పక్కన పెట్టి, తన తమ్ముడి పేరు ఒక్కసారి పైకి చెప్పి, మా పక్కన కూర్చుంది.