ముగ్గు పెట్టిన గ్యాసు పొయ్యి

మండపేటలో కిరాణా కొట్టు నడిపే జోగేశ్వరరావు ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చి నెల తిరగలేదు. అంతకుముందు అతని భార్య కన్యకాపరమేశ్వరి బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊకతో పొయ్యి మండించేది. ఆ పొగ మింగి మింగి దగ్గు పట్టుకుంది. గ్యాసు వచ్చాకే ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది.

అయితే అత్తగారు పాపాయమ్మకి పొయ్యంటే పొయ్యే. తెల్లారగానే మడి కట్టుకుని దాని మీద చెంబుడు నీళ్లు గుమ్మరించి, పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. తడిసిన పిండి బర్నరు కన్నాల్లో ముద్దకట్టేది. పరమేశ్వరి పిన్నీసు పట్టుకుని ఒక్కో కన్నం పొడుచుకుంటూ కూర్చునేది.

ఆ వేళ మంట అంటుకోనే లేదు.

"ఎందుకొచ్చిన యాతన? మళ్లీ ఊక పొయ్యే పెట్టుకోండి," అని కాఫీ అందక జోగేశ్వరరావు విసుక్కున్నాడు.

పరమేశ్వరికి ఒళ్లు మండిపోయింది.

"అత్తయ్యగారూ, ముగ్గేదో గట్టు మీద పెట్టుకోండి. పొయ్యి మీద వద్దండి."

"గట్టుకి పెడితే అగ్నిహోత్రుడికి ఎలా తెలుస్తుందే? అన్నం ఉడికేది గట్టు మీదా?"

ఇక మాటలు దండగనుకుని, పరమేశ్వరి మర్నాడు ఆవిడకంటే ముందే లేచి బర్నర్లు ఊడదీసి, చింతపండుతో తోమి, పెరట్లో పీట మీద ఆరబెట్టింది. ఇవాళైనా నీలం మంట చూస్తాననుకుంది.

కాసేపటికి పెరట్లోంచి అత్తగారు పిలిచింది.

"అమ్మాయ్, ఇవి ఇక్కడ మర్చిపోయినట్టున్నావు. వీటికీ ముగ్గు పెట్టేశాలే, తీసుకెళ్లు."

పరమేశ్వరి గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసుకుని పీట ముందు కూర్చుంది.