మూత తీసిన నారింజాకు నూనె

అదిగో, మీరు కూడా కాయ దగ్గరే ఆగిపోయారు. నారింజ అనగానే అందరికీ కాయే గుర్తొస్తుంది. కాస్త సున్నితమైన వాళ్ళకైతే పువ్వు. ఆకు సంగతి ఎవరికీ పట్టదు. ఈసారి ఎక్కడైనా చెట్టు కనిపిస్తే ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపి చూడండి. పచ్చిగా, కొంచెం చేదుగా, వెనకాల ఎక్కడో పువ్వు దాక్కున్నట్టు ఉంటుంది. మా వదిన ఆ వాసన మీదే బతుకుతోంది. నేను చెప్పబోయేది ఆవిడ గురించే.

వదిన అంటే మా అన్నయ్య భార్య. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వీధి చివర మా ఇంట్లో కూర్చుంటే ఆవిడ తుమ్మినా నాకు వినపడుతుంది. పెళ్ళికి ముందు జామ్ ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే పని చేసింది. గాలి చొరబడితే సరుకంతా పాడైనట్టేనని అక్కడ నేర్పారు. ఆ పాఠం ఆవిడ ఒంట్లోకి ఇంకిపోయింది. ఇప్పటికీ మా వదిన బిగించిన డబ్బా తెరవాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలి.

అన్నయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న, నూనె దించే బట్టీ మా అమ్మది. పెద్ద రాగి బాన, దాని మీద గొట్టం ఉన్న మూత. ఆ గొట్టం చల్లనీళ్ళ తొట్టిలోంచి మెలికలు తిరుగుతూ బయటికొస్తుంది. ఊరవతల తోటలో నారింజ కొమ్మలు కత్తిరించినప్పుడల్లా ఆకు మాకు తోలేస్తారు. ఆకును బానలో కూరి, అడుగున నీళ్ళు పోసి, మూత చుట్టూ తడిపిండి మెత్తి, సన్న మంట పెడతారు. ఆవిరి గొట్టంలో చల్లబడి చుక్కలు చుక్కలుగా కారుతుంది. కింద నీళ్ళు, పైన తేలేది నూనె. బానెడు ఆకుకి వచ్చేది చిన్న సీసాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏమిటో మా షెడ్డుకొస్తే తెలుస్తుంది. ఆ మధ్య కొత్తగా వచ్చిన ఎదురింటాయన ఆ గొట్టం చూసి ఇంకేదో అనుకున్నాడు. ఒక సాయంత్రం గ్లాసు పట్టుకుని వచ్చి, "రుచి చూపిస్తారా అమ్మా?" అన్నాడు. మా వదిన నిజంగానే ఓ చెంచాడు ఆకు నీళ్ళు పోసింది. ఆ మొహం మీరు చూడాల్సింది.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ అమ్మ పక్కన కూర్చుని ఆకు ఏరేది. కొత్తదనం తగ్గాక ఒకరోజు, "ఈసారి నేను దించుతానత్తయ్యా" అంది. అమ్మ సరేనంది. వదిన మంట చూసుకుంది, తొట్టిలో నీళ్ళు మార్చింది, నూనె తీసింది. ఆనందం పట్టలేక సీసాకి బిరడా బిగించి, పైన ఎర్ర లక్క కరిగించి పోసింది. ఫ్యాక్టరీ చదువు మరి.

మర్నాడు చూస్తే బిరడా ఊడి పొయ్యి పక్కన పడి ఉంది. సీసా లేదు.

"అత్తయ్యా, నా సీసా ఏది?"

"ఉందిలే. నీకెందుకు?"

"నాకెందుకేంటి? దించింది నేను కదా! మూత పీకేశారంటే నచ్చక పారబోశారన్నమాట. నచ్చకపోతే నచ్చలేదని మొహాన చెప్పొచ్చుగా?"

"పారబోశానని నువ్వే అనేసుకున్నావుగా, ఇంక నేను చెప్పేదేముంది?"

మా అమ్మలో ఉన్న అవలక్షణం అదే. ఒక్క మాట చెబితే పోయే గొడవని, చెప్పకుండా పెంచి పోషిస్తుంది. వదిన తక్కువ తిందా? మాటకి మాట పెరిగింది. అమ్మ సంచీ సర్దుకుని మా అక్క ఊరికి బస్సెక్కింది. "బట్టీ నీదే తల్లీ, ఏలుకో" అని గుమ్మంలో అన్నదే ఆఖరి మాట.

అమ్మ వెళ్ళిన నెల్లాళ్ళకి సెంటావిడ వచ్చింది. ఆవిడ మందులేవీ కలపకుండా ఆకులు, పూలు, చెక్కల నూనెలతోనే సెంటు తయారుచేస్తుంది. బజారు వెనక సందులో మేడ మీద చిన్న గది ఆవిడది. గోడల నిండా గోధుమరంగు సీసాలే. ఆకు నూనె కావాలని తోటవాళ్ళని అడిగితే మా ఇల్లు చూపించారట. "నచ్చితే ఇకనుంచి మీ నూనె అంతా నేనే తీసుకుంటాను" అంది. మా అన్నయ్య అప్పటికే సణుగుతున్నాడు, అమ్మే లేనప్పుడు ఆ బాన దేనికి, రాగి తూకానికి వేసేసి షెడ్డులో సైకిళ్ళ రిపేరు పెట్టుకుంటానని. వదినకి బట్టీ నిలవాలంటే సెంటావిడ ఒప్పుకోవాలి, అంతే.

వదిన ఇంకో బాన ఆకు పెట్టి, దించిన రోజే, సీసా వెచ్చగా ఉండగానే లక్క పోసి పట్టుకెళ్ళింది. నేనూ తోడెళ్ళాను. సెంటావిడ సన్నటి కాగితపు ముక్క ముంచి, ముక్కు దగ్గర ఆడించి, మెల్లిగా బల్ల మీద పెట్టేసింది.

"ఏమనుకోకండి. ఉడికిన క్యాబేజీ వాసనొస్తోంది. అడుగంటిన గిన్నె వాసన కూడా ఉంది. ఇంకోసారి ప్రయత్నిస్తారా? ఈ కత్తిరింపులు అయిపోయేలోపు తేవాలి మరి. ఆ తర్వాత నేను వేరేచోట చూసుకుంటాను."

అత్త మీద కోపం దుత్త మీద అంటారు చూడండి, మా వదిన ఆ కోపమంతా రాగి బాన మీద చూపించింది. చింతపండు పెట్టి తోమింది, ఉప్పు పెట్టి తోమింది. బానలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఆకు ఒక్కొక్కటే ఏరింది, మంట తగ్గించింది. సీసాలో పట్టి చూస్తే మళ్ళీ అదే క్యాబేజీ. ఇంకోసారి దించింది. మళ్ళీ అదే. అన్నయ్య వచ్చి షెడ్డు గుమ్మానికి ఆనుకుని, "పాతరాగి ఆయన్ని ఆదివారం రమ్మన్నాను" అన్నాడు.

"వచ్చి నన్ను కూడా తూకం వేయమను" అంది వదిన.

"నిన్ను ఎత్తడానికి ఆయన దగ్గర అంత కాటా లేదు."

మామూలప్పుడైతే ఆ మాటకి గరిటె ఎగిరొచ్చేది. ఆ రోజు ఆవిడ మళ్ళీ బాన తోముకోవడం మొదలెట్టింది. నాకు భయమేసింది.

శనివారం ఆఖరి ఆకు వచ్చింది. నేను పొయ్యి రాజేస్తున్నాను. మూతకి మెత్తడానికి పిండి కోసం వదిన వంటింట్లోకెళ్ళింది. ఎంతకీ రాదు. వెళ్ళి చూస్తే, డబ్బాలో పిండి నిండుకుంది, వెనకున్న పొట్లం కోసమేమో డబ్బా పక్కకి జరిపి ఉంది. ఆవిడ నేల మీద చతికిలబడి, చేతిలో ఒక సీసా పట్టుకుని కూర్చుంది. సీసా మూతికి పల్చటి గుడ్డ, దారంతో కట్టి ఉంది.

"వాసన చూడు" అంది.

చూశాను. ఏం చెప్పను! కత్తెర వేసిన తోటలో పొద్దున్నే నిలబడ్డట్టుంది.

"అమ్మ దించింది కదూ?" అన్నాను.

వదిన సీసా మెడ నాకు చూపించింది. గుడ్డ కింద, గాజుకి అంటుకుని, గీకినా పోని ఎర్ర లక్క.

అక్కడే కూర్చుని అక్క వాళ్ళింటికి ఫోన్ చేసింది. అమ్మే ఎత్తింది.

"అత్తయ్యా, పిండి డబ్బా వెనక సీసా..."

"ముట్టుకున్నావా దాన్ని? ఒలకబోయలేదు కదా?"

"లేదు. మీరు పారబోయలేదన్నమాట."

"పిచ్చిమొహమా, మొదటిసారి దించిన నూనె అంత తేటగా వస్తే ఎవరైనా పారబోస్తారా? బిరడా బిగించి, లక్క పోసి, దాని పీక నొక్కేశావు. అందుకే తీశాను. పొయ్యి మీంచి దిగిన నూనెకి ఆవిరి కంపు ఉంటుంది. గుడ్డ కట్టి, చీకట్లో కొన్ని వారాలు వదిలేస్తే అదే పోతుంది."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదా!"

"నువ్వు చెప్పనిస్తేగా? దించిన నూనె కొత్త కోడల్లాంటిదే. వచ్చీ రాగానే ఎవరికీ నచ్చదు. కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకోనివ్వాలి."

"అత్తగారికి నచ్చదా, కోడలికి నచ్చదా?"

"ఇద్దరికీలేవే. పొయ్యి మీద ఏమైనా పెట్టావా? నీళ్ళు మార్చావా తొట్టిలో?"

నేను పరిగెత్తాను నీళ్ళు మార్చడానికి.

ఆ సాయంత్రమే సీసా పట్టుకుని మేడ మెట్లెక్కాం. సెంటావిడ కాగితం ముంచింది, చూసింది, బల్ల మీద పెట్టింది. మా వదిన మొహం పాలిపోయింది. కానీ సెంటావిడ కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి, మళ్ళీ ఆ కాగితమే తీసుకుంది. ఈసారి కిందపెట్టలేదు.

"ఇది ఎవరు దించారు?"

"నేనే. మూత తీసింది మాత్రం మా అత్తయ్య."

సెంటావిడకి అర్థం కాకపోతే వదిన మొత్తం కథ చెప్పింది, ఆ గొంతుతో. కింద బజారు కూడా వినుంటుంది. సెంటావిడ నవ్వి, ముందు దించిన సీసాలు కూడా పారేయకుండా గుడ్డ కట్టి ఉంచమంది. అవి తేరాక తీసుకుంటాననీ, వచ్చే కత్తిరింపుల ఆకు నూనె కూడా తనకేననీ చెప్పింది. ఆదివారం పాతరాగి ఆయన వస్తే, అన్నయ్యే టీ ఇచ్చి, విరిగిన సైకిల్ చక్రం ఒకటి చేతిలో పెట్టి పంపేశాడు.

ఆ వారంలోనే అమ్మ వచ్చేసింది. రమ్మని ఎవరూ పిలవలేదు, మీరు నమ్మండి. "నాలుగు రోజులుండి పోతాను" అంటూనే షెడ్డులోకి నడిచి, వరసగా గుడ్డలు కట్టిన సీసాలు ఒక్కొక్కటీ వాసన చూసింది. బస్సు దిగేటప్పుడు అమ్మ చెప్పు పట్టీ తెగిపోయింది. వదిన ఆ జత సంచీలో వేసుకుని, కుట్టించుకొస్తానని సైకిల్ మీద బయల్దేరింది. మలుపు దగ్గర తోటవాళ్ళ బండి ఎదురొచ్చింది. పక్క తోటలో నిమ్మ కొమ్మలు కొట్టారట, కుప్పలో ఆకు పొద్దుపోయేదాకా ఉంచితే వేడెక్కి పాడైపోతుందట. ఆవిడ అటునుంచటే బండి వెనక తిరిగొచ్చేసింది.

ఇప్పుడు అమ్మ రోజూ అడుగుతుంది. "చెప్పులు లేకుండా నేనెట్లా వెళ్ళనే?"

"రేపు కుట్టించుకొస్తానత్తయ్యా" అంటుంది వదిన, ఆకు ఏరుతూనే.

ఆ సంచీ ఇంకా సైకిల్ హ్యాండిల్‌కే వేలాడుతోంది.