సొరుగులో నిద్రపోయిన కాగితం

మా మనవరాలు నర్సు చదువు అయ్యాక మరో రెండేళ్లు చదివి, రోగిని పరీక్షించి మందు రాసే అర్హత తెచ్చుకుంది. మా పేట క్లినిక్‌లో వారమంతా ఉండేది తనే. అయినా తను రాసిన చీటీ మీద పెద్ద డాక్టరుగారి సంతకం లేనిదే మందుల షాపాయన బిళ్ల కాదు కదా, దాని డబ్బా కూడా చూపించడు. ఆ డాక్టరుగారు వచ్చేది గురువారాలే. మా జబ్బులన్నీ గురువారం దాకా ఓపిక పట్టాల్సిందే.

ఒక సోమవారం బస్సు డ్రైవరు వచ్చాడు. బీపీ దిగేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారట డిపోలో.

"బస్సు లేకపోతే పిచ్చెక్కుతోంది సిస్టరమ్మా. నిద్రలో గేర్లు మారుస్తున్నానని మా ఆవిడ తిడుతోంది."

మనవరాలు మందు రాసింది. చీటీ కేసి ఓసారి చూసి చటుక్కున లేచింది.

"పదన్నా. సంతకం మన దగ్గరికి రాకపోతే మనమే దాని దగ్గరికి వెళ్దాం."

"నేనూ వస్తా" అన్నాను.

"నీకేం జబ్బు తాతయ్యా?"

"కుతూహలం!"

చీటీలు ఉండీ మందులు లేనివాళ్లంతా మా వెనకే బస్సెక్కారు. నలభై మంది. మనవరాలు పదకొండే అంటుంది. నా లెక్కలకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మా డ్రైవరు ప్రయాణికుల సీట్లో కూర్చుని దారి పొడవునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారి బల్ల మీద కాగితాల గుట్ట. దాని వెనక కళ్లజోడు మాత్రం కనిపించింది.

"ఇవాళ గురువారమా?" అని కంగారుపడ్డారు. డ్రైవరు చీటీ చదివారు. "సరిగ్గానే రాశావు కదమ్మా! మామూలు జబ్బులకి నీ సంతకం చాలని ఒప్పంద పత్రం ఉండాలే?"

"ఉందండీ. ఎనిమిది నెలలుగా మీ సొరుగులో ఉంది. అడిగినప్పుడల్లా, ఈ చీటీలన్నీ అయ్యాక చూద్దామన్నారు."

సొరుగు లాగారు. ఉంది! రోజూ వంద సంతకాలు పెట్టే మనిషికి ఆ ఒక్కదానికే తీరిక దొరకలేదు. ఆయన నాలుక కరుచుకున్నారు, ఆ తర్వాత మా అందరికంటే గట్టిగా నవ్వారు. సంతకం గీకి, వేళ్లు విదిలించి, "నా చెయ్యి నాకు తిరిగిచ్చావమ్మా" అన్నారు.

మూడు వారాలకి డ్రైవరు బీపీ దిగింది. ఆ మర్నాడే 'నిశ్శబ్దం' అని రాసిన మా క్లినిక్ గోడ పక్కన బస్సు ఇంత పొడుగు హారన్ కొట్టింది. మనవరాలు చీవాట్లు పెడతానని బయటికి పరుగెత్తింది. చెయ్యి ఊపి వచ్చింది.