లేని ఇంటికి పన్ను

మార్కాపురంలో మా నాయన కట్టిన ఇంటిని పడగొట్టడానికి మా అన్న పంచాంగం చూశాడు, మేస్త్రీని చూశాడు, పాత టేకు దూలాలు కొనేవాణ్ణి కూడా చూశాడు. మునిసిపల్ ఆఫీసు గడప మాత్రం తొక్కలేదు. మూఢం వచ్చేలోపు గోడ మీద మొదటి గునపం పడాలట. పడింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాయన పోయాక పదేళ్లపాటు ఆ ఇంటిపన్ను కట్టింది నేను. అన్న దొనకొండలో, తమ్ముడు గిద్దలూరులో వ్యాపారాలు పెట్టుకున్నారు. ఊళ్లో మిగిలింది నేనొక్కదాన్నే. రెండు వీధుల అవతల, గోడకు మేకు కొట్టాలన్నా అడగాల్సిన అద్దె ఇంట్లో నేనూ మా ఆయనా కాపురం. ముందు గదిలోనే మా టైలరింగ్ షాపు. ఆరు నెలలకోసారి కుట్టుమిషన్ ఆపి, వెళ్లి పన్ను కట్టి, రసీదు తెచ్చి నాయన తీగకు గుచ్చేదాన్ని.

కిరాణా దుకాణం నడిపిన మనిషి కదా, ఏ కాగితమైనా తీగకెక్కితేనే నాయనకు నిమ్మళం. కింద గుండ్రటి చెక్క, పైన కొక్కెం, మధ్యలో ఇంటి చరిత్రంతా. ఇల్లు కూలిన రోజు అన్న తలుపులు, కిటికీలు లెక్కపెట్టుకుంటుంటే నేను తెచ్చుకున్నది ఆ తీగ ఒక్కటే.

రసీదులన్నిటి మీదా నాయన పేరే ఉండేది. ఆయన పోయినా మార్పించలేదు. మా బంధువుల్లో ఎవరూ అంత తొందరగా మార్పించరు. ఒకసారి గుమాస్తా అడిగితే నేనే కసురుకున్నాను. ఆ పేరు కొట్టేయిస్తే నాయనను రెండోసారి సాగనంపినట్టు ఉంటుందనిపించింది. కాబట్టి తప్పంతా అన్నదే అనలేను. నాది కూడా ఉంది.

ఆ స్థలంలో ముగ్గురికీ పక్కపక్కనే మూడు ఇళ్లు కట్టుకోమని నాయన ఉన్నప్పుడే చెప్పాడు. అన్నకూ తమ్ముడికీ ఇంకోచోట సొంత ఇళ్లున్నాయి. నాకు ఆ మూడో ఇల్లు తప్ప సొంతిల్లు చూసే దారి లేదు.

ఇల్లు నేలమట్టమయ్యాక అన్న ప్లాన్ కోసం ఆఫీసుకు వెళ్లాడు. పోయిన మనిషి పేరు మీద ప్లాన్ ఇవ్వం, వారసులందరి సంతకాలూ కావాలన్నారు. పడగొడుతున్నట్టు ముందుగా చెప్పలేదు కాబట్టి, లేని ఇంటికి ఇంటిపన్ను నడుస్తూనే ఉంది. కొలతలకు వచ్చిన ఉద్యోగి మట్టికుప్పలు చూసి, ఇక మీదట ఖాళీ స్థలం పన్ను అని రాసుకుపోయాడు. అది స్థలం విలువను బట్టి వేస్తారు. మాది బజారుకు దగ్గర. నాయన ఇంటికి కట్టినదానికంటే ఆ ఖాళీకి చాలా ఎక్కువ పడింది.

ఆ మంట అన్న ఎవరి మీద చల్లార్చుకోవాలి? ఉన్నాను కదా నేను. తమ్ముణ్ణి వెంటేసుకుని, టైపు చేయించిన కాగితం పట్టుకుని షాపుకొచ్చాడు.

"మూడు పేర్లు పెడితే మూడు పన్నులు, మూడు కొళాయిలు. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. ఏందమ్మా ఇదంతా? నీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టు. మేమిద్దరం కట్టుకుంటాం. నీకు కింద ఒక గది ఎప్పుడూ ఉంటాది," అన్నాడు.

"ఆ గది ఎవరి పేరు మీద అన్నా?"

"అన్నదమ్ముల ఇల్లు నీది కాదా? పేరెందుకు?"

తమ్ముడు నేల చూపులు చూస్తూ, "అక్కా, నువ్వు కట్టిన పన్ను ఊరికే పోదులే. లెక్కగట్టి వడ్డీతో ఇస్తాం," అన్నాడు.

పక్కనే కత్తెర ఉంది. ముట్టుకోలేదు, అది వాళ్ల అదృష్టం. పదేళ్లు కూతురిగా కట్టినదాన్ని బాకీ కింద చెల్లించేసి నన్ను బయటికి పంపుతారట!

"నేను మీకు అప్పియ్యలేదు. నాయన ఇంటికి కట్టినా. నా భాగం నా పేరు మీద రిజిస్టర్ అయినాకనే నా సంతకం. అంతవరకు ఆ మట్టి అట్లనే ఉండనీ," అన్నాను.

వాళ్లు వెళ్లగానే తీగ పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు పోయి గుమాస్తా ముందు పెట్టాను. ఆయన రసీదులు తిప్పి చూసి, "అక్కా, వీటితో హక్కు రాదు. ఎవరు కట్టినా రసీదు ఇస్తాం. నువ్వు ఆయన కూతురివి, నీ హక్కు అదే. నువ్వు సంతకం పెట్టందే ఈ ఫైలు కదలదు," అన్నాడు. ఇన్నాళ్లూ కాగితాలను నమ్ముకుని నన్ను నేను మరిచిపోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఏడాది దాకా మట్టి కదల్లేదు. ఆడపిల్లకు ఇంత పంతం ఏందని బంధువులు ఫోన్లు చేశారు. నేను పెట్టేశాను. ఖాళీ స్థలం పన్ను రెండోసారి మీద పడ్డాక అన్న దిగివచ్చాడు. ముగ్గురి పేర్ల మీదా పంపకం రిజిస్టర్ అయింది. నాకు మురుగుకాలువ వైపు ఇరుకు ముక్క రాశారు. చాలా మంచి మనసులు!

వాళ్ల రెండు ఇళ్లూ లేచాయి. మాకు పునాది తీయడానికి కూడా ఇంకా చెయ్యి ఆడలేదు. అందుకని ఖాళీ స్థలం పన్ను ఇప్పుడు నాకు. ఇల్లు కట్టుకోలేనివాళ్ల దగ్గరే ఎక్కువ గుంజాలని ఎవరికి తట్టిందో గానీ, వరుసలో నిలబడి తిట్టుకుంటూనే కడుతున్నాను.

మొన్న రసీదు తీసుకుని వస్తుంటే అన్న కొత్త మిద్దె మీద నుంచి, "ఊరికే ఎందుకమ్మా ఆ పన్ను? ఆ ముక్క మాకిచ్చేయరాదా?" అన్నాడు. తలెత్తి చూడను కూడా చూడలేదు.

నా పేరున్న రసీదును నాయన పేరున్న వాటి పైన గుచ్చాను. మేకు కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. తీగను కుట్టుమిషన్ కాలికి తగిలించుకున్నాను.