మోటార్లా, చెరువులా?

ఇస్సిక్‌కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో మురుగునీళ్లు శుభ్రం చేసే కేంద్రమంటే బూరుల్, బూరుల్ అంటే కేంద్రం. చదువైపోయి చేరింది మొదలు జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. తొట్లలోకి గాలి కొట్టే పెద్ద మోటార్లంటే ఆమెకి ప్రాణం. మొగుడు పోయిన ఏడాది వాటి చప్పుడు పక్కన కూచునే గుండె దిటవు చేసుకుంది.

కాలం గడిచేకొద్దీ అవి ఒక్కొక్కటే మూలపడ్డాయి. మురుగు సగం సగం శుభ్రమై సరస్సులో కలుస్తోంది. కొత్త కేంద్రానికి బయటినుంచి సాయం వచ్చింది. కట్టివ్వడం వాళ్ల వంతు, నడుపుకోవడం ఊరి వంతు. మళ్లీ మోటార్లే పెట్టాలా, లేక వరసగా చెరువులు తవ్వి ఎండకీ గాలికీ రెల్లుకీ ఆ పని వదిలెయ్యాలా? తేల్చమని ఊరిపెద్ద తాలాయ్ ఆమెకే అప్పగించాడు.

"నువ్వేం చెప్తావో తెలుసులే అక్కా. మోటార్లని పెళ్లాడినదానివి," అని నవ్వాడు.

తనూ అలాగే అనుకుని లెక్కకి కూచుంది. కట్టేటప్పుడు రెండూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఆ తర్వాతే. మోటార్లకి పగలూ రాత్రీ కరెంటు కావాలి, అరిగిన భాగాలు పరాయి దేశాల నుంచి రావాలి, కొన్నేళ్లకి మోటార్లనే మార్చాలి. చెరువులకైతే అడుగున పేరుకున్న బురద ఎప్పుడో ఒకసారి తోడితే చాలు. ఇరవై ఏళ్లు పోయేసరికి మోటార్ల మీద పెట్టే ఖర్చుతో ఇంకో కేంద్రం కట్టెయ్యొచ్చు. నమ్మబుద్ధి కాక మళ్లీ మొదట్నుంచీ వేసింది. అదే తేలింది.

కానీ చెరువులకి నేల కావాలి. ఊరికి దిగువన అంత చదునైన నేల ఒక్కటే ఉంది. అది ఆమె అన్న షర్షెన్ గుర్రాల కోసం గడ్డి కోసుకునే మైదానం.

ఆఫీసులో చెప్పకముందే అన్న ఇంటికెళ్లింది. వదిన టీ పోసి, నూనెలో వేయించిన వేడి బోర్సోకులు ముందు పెట్టింది. సంగతి విని షర్షెన్ టీ గిన్నె కింద పెట్టేశాడు.

"నాన్న గడ్డి కోసిన నేల. అందులో ఊరి దొడ్లు కడిగిన నీళ్లు పెడతావా?"

"బదులు నేలిస్తారు అన్నయ్యా. పైన, వాగు దగ్గర."

"అక్కడ రాళ్లు మేస్తాయా నా గుర్రాలు?"

"పోనీ, మోటార్లే పెట్టిస్తా. బిల్లు కట్టలేక ఆపేసిన రోజున ఆ మురుగంతా ఎక్కడికి పోతుందో నువ్వే చెప్పు."

"ఇంజనీరువి నువ్వు. నన్నడుగుతావేం?" అని లేచి బయటికెళ్లిపోయాడు.

ఊరి సభలో బూరుల్ చెరువులే అంది. తాలాయ్ తెల్లబోయి, "నిజంగానేనా అక్కా?" అన్నాడు.

"నాకిష్టమై కాదు," అంది ఆమె.

ఊరి మాట కాదనలేక షర్షెన్ నేల ఇచ్చాడు గానీ చెల్లెలి గడప తొక్కలేదు. పైపెచ్చు మొదటి వసంతంలో, చెరువుల మీద మంచు కరగ్గానే కంపు లేచింది. అంతుంటుందని ఆమె అనుకోలేదు. బజారులో ఆడవాళ్లు ముక్కు మూసుకుని, "నీ అత్తరేనా అక్కా?" అనేవాళ్లు. ఆమె తలవంచుకుని నడిచేది. చలికాలపు నీళ్లు ఎక్కువ రోజులు నిలిచేందుకు ఇంకో చెరువుంటే కంపు తగ్గుతుంది. దానికి మళ్లీ నేల కావాలి. అన్నని ఇంకోసారి అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

ఎవరు చెప్పారో ఏమో, ఒకనాడు షర్షెనే గుర్రం మీద గట్టు దగ్గరికొచ్చాడు.

"మైదానంలో మిగిలిన ఆ చివరి ముక్క కూడా తీసుకో. పని సగంలో వదిలేస్తే తిట్లు మనింటికొస్తాయి," అన్నాడు. కిందికి మాత్రం దిగలేదు.

బూరుల్ గుర్రం కళ్లెం పట్టుకుని, "వదిన బాగుందా?" అని అడిగింది.

"వచ్చి చూడు," అన్నాడు.