సున్నం గీతల బజారు

నా చిన్నప్పుడు వెలుతురు ముక్కలుముక్కలుగానే వస్తుందని అనుకునేదాన్ని. ఊహ తెలిసినప్పటి నుంచి నా పొద్దులన్నీ రేకుల బజారులో, మా నానమ్మ పూలబుట్ట పక్కనే గడిచాయి మరి. షేక్‌పేట పాత ఇళ్లు అయిపోయి ఫిల్మ్‌నగర్ రోడ్డు మొదలయ్యే చోట ఉండేది ఆ బజారు. పొడుగాటి ఇనుప స్తంభాలు, పైన తుప్పు పట్టిన రేకులు, ఆ రేకుల నిండా చిల్లులు. ఒక్కో చిల్లులోంచి ఒక్కో వెలుగు కడ్డీ కిందికి దిగేది. అందులో తేలే దుమ్మును చూస్తూ నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉండిపోయేదాన్ని. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ముందు మల్లెల వాసన, తడి కొత్తిమీర వాసన వస్తాయి. బజారు ఆ తర్వాతే కనిపిస్తుంది.

నానమ్మ చోటు సరిగ్గా బజారు నోటి దగ్గర. లోపలికి ఎవరు పోవాలన్నా ఆమె బుట్టను దాటే పోవాలి. కొత్త సినిమా మొదలుపెట్టే రోజు కెమెరాకు దండ వేసి పూజ చేస్తారు కదా, ఆ దండ కోసం ప్రొడక్షన్ వాళ్లు పొద్దున్నే వ్యాన్ ఆపేవాళ్లు. హీరో ఎవరో, సినిమా పేరేమిటో ఆమెకు పట్టేది కాదు. "కెమెరా మెడల దండ నాది, గంతే చాలు" అనేది. కెమెరాకు మెడ ఉంటుందా నానమ్మా అని అడిగితే నా జడ పట్టి లాగేది.

బజారు లోపలి చివర గాజులు అమ్మే ఆవిడ కూర్చునేది. నేను గాజులత్త అనేదాన్ని. ఆమే మా నానమ్మా కొత్త కోడళ్లుగా ఉన్నప్పుడే ఈ బజారులో బుట్టలు దించారట. మధ్యాహ్నం కాగానే గాజులత్త డబ్బా పట్టుకుని మా దగ్గరికి వచ్చేది. ఆమె జొన్నరొట్టెలో సగం నాకు, మా పచ్చిపులుసులో సగం ఆమెకు. నానమ్మ ఆమె దగ్గరికి పోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. బుట్ట వదిలి ఎట్లా పోతుంది పాపం అనుకునేదాన్ని.

అప్పుడే మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి. కంప్యూటర్ కొలువుల వాళ్లు కార్లలో వచ్చి శుక్రవారం పూలు కొనుక్కుని పోయేవాళ్లు. ఇసుక లారీల దుమ్ము మా మల్లెల మీద పడేది. మా మీదా ఎవరి చూపో పడక మానదని పెద్దవాళ్లు అనుకుంటూనే ఉన్నారు. అనుకున్నట్టే ఒకరోజు ఒక కంపెనీ వాళ్లు వచ్చి బజారు గేటుకు పెద్ద రంగుల బొమ్మ కట్టారు. రేకులు తీసేసి కట్టబోయే కాంప్లెక్స్ అట. లిఫ్టు, పాలరాయి, చల్లటి గాలి. బొమ్మలో మనుషులందరూ తెల్లగా, నవ్వుతూ ఉన్నారు. కింద అంతా పెద్ద దుకాణాలు, పూలకూ కూరలకూ గాజులకూ పై అంతస్తులు.

నానమ్మ గుండె జారిపోయింది. పైకెక్కి పూలెవరు కొంటారు? గాజులత్త మాత్రం బొమ్మ వంక ఆశగా చూసి, కట్టనీ, మంచిగుంటది అంది. నానమ్మకు కోపం వచ్చింది. "నువ్వు మూలకు కూసునేదానివి. నీకు యాడైనా ఒకటే" అంది. గాజులత్త రొట్టె మడిచి డబ్బాలో పెట్టుకుని లేచి పోయింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం రాలేదు. బజారు కూడా అట్లాగే రెండుగా చీలింది. వచ్చే వారం కంపెనీ వాళ్లతో మీటింగు. అందరూ ఒక్కమాట మీద లేకపోతే ఎవరి మాటా చెల్లదని, కంపెనీ తనకు తోచినట్టు కట్టుకుంటుందని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ తగ్గలేదు. నాకైతే బజారు పోతుందన్న భయం కంటే గాజులత్త రాదేమోనన్న దిగులే ఎక్కువగా ఉండేది.

మా ఇంట్లో రెండు గదులు ఒక పెద్దాయనకు కిరాయికిచ్చాం. గోదావరి వైపు నుంచి వచ్చి, స్టూడియోల్లో సెట్లు వేసే పనిలో ముసలివాడైన మనిషి. కిరాయి తాతయ్య అనేదాన్ని. సెట్టు లేపే ముందు కాగితం మీది నక్షాను అసలు కొలతల్లో నేల మీద సున్నంతో గీయడం ఆయన పని. ఇల్లు కట్టేముందు ముగ్గు పోస్తారే, అదే. డైరెక్టరు ఆ గీతల మధ్య నడిచి చూసి, ఇక్కడ తలుపు వద్దంటే కాలితో చెరిపి ఇంకోచోట గీస్తారట. గోడ లేచాక అయితే కూల్చాల్సిందే కదా అనేవాడు.

ఆ తాతయ్య ఒక అబద్ధం ఆడాడు. సోమవారం బజారుకు సెలవు. ఆ పొద్దున వెనక ఖాళీ జాగాలో బజారు సీను రిహార్సల్ ఉందనీ, మీరంతా వచ్చి కూర్చుంటే చాలనీ బజారు వాళ్లందరికీ చెప్పాడు. మా వైపు వాళ్లం షూటింగు ఎదురొచ్చినా తల తిప్పకుండా పోతాం. అదొక బడాయి మాకు. కానీ మమ్మల్నే పిలిస్తే సంగతి వేరు. నానమ్మ పెట్టెలోని చీర తీసింది. మాటల్లేని వాళ్లు కూడా తల దువ్వుకుని ఒకే దారిన వచ్చారు.

ఆ పొద్దున పల్చగా మంచు పట్టి ఉంది. ఖాళీ జాగా నిండా తెల్లటి గీతలు. చూడగానే పోల్చుకున్నాను, మా బజారే. స్తంభాలున్న చోట సున్నం చుక్కలు, మురికి కాలవ ఉన్న చోట వంకర గీత. నాకు నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. గోడలు లేవు, కప్పు లేదు, అయినా ఒక్కరు కూడా గీత దాటి అడుగు వేయలేదు. అందరం చుట్టూ తిరిగి, నోటి దగ్గర నుంచే లోపలికి పోయాం. ఎవరి చోటు వైపు వాళ్ల కాళ్లు పోతున్నాయి.

తాతయ్య ఆపాడు. సీనులో చోట్లు వేరని చెప్పి, నానమ్మను గాజులత్త మూలలో, గాజులత్తను బజారు నోటి దగ్గర కూర్చోబెట్టాడు. బుట్టలు కూడా మార్చాడు. నా చేతికి జల్లెడ మూతి ఉన్న నీళ్ల డబ్బా ఇచ్చి చెవిలో చెప్పాడు. "అక్కడ పైన రేకు చిల్లులమ్మా. చుక్కచుక్కగా పొయ్యి. మీ నానమ్మ జరిగితే నువ్వూ జరుగు."

పోశాను. నానమ్మ భుజం తడిసింది.

"ఏందే, నీకు పని లేదా?"

"వానండీ అది," అన్నాడు తాతయ్య. "వానాకాలమంతా ఆ చోటికి ఇంతే చెల్లెమ్మా."

నానమ్మ ఇటు జరిగింది. నేనూ జరిగాను. అటు జరగబోతే మురికి కాలవ గీత. వెనక్కి పోదామంటే గోడ గీత. ఏం చేయాలో తోచక కొంగు తీసి ముందు లక్క గాజుల బుట్ట మీద కప్పింది. నీళ్లు తల మీద పడుతుంటే అట్లాగే కూర్చుంది. నా చేయి ఆగిపోయింది. ఆమె దూరంగా తన చోటు వైపు చూసింది. అక్కడ గాలి, వెలుతురు, ఆ వెలుతురులో గాజులత్త.

"ఇన్నేండ్లు గిట్లనే కూసున్నవా?" అంది. అరిచినట్టు కాదు, కానీ అందరికీ వినిపించింది.

"మరి పగటి పూట నీ కాడికి ఎందుకొస్తుంటిననుకున్నవ్?" అంది గాజులత్త. "ఒక్క పూటన్న పొడి జాగల తిందామని."

నానమ్మ ముఖం నేనట్లా ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్లల్లోవి నా డబ్బా నీళ్లు కావు.

ఆ పక్కనే తాతయ్య కొత్త కాంప్లెక్స్ కూడా గీసి ఉంచాడు. మెట్లంటే దగ్గర దగ్గరగా అడ్డగీతలు. వాటికి అవతల, పై అంతస్తులో పూల చోట గాజులత్తను కూర్చోమన్నాడు. మిగతా వాళ్లందరినీ కొనేవాళ్లుగా నిండు సంచులతో తిరగమన్నాడు. అందరూ మెట్ల గీతల దాకా వచ్చి, సంచి చేయి మార్చుకుని, వెనక్కి తిరిగారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు అట్లా తిరగమని. నేనొక్కదాన్నే కాళ్లు ఎత్తెత్తి వేస్తూ మెట్లన్నీ ఎక్కాను. అప్పటికి మంచు విడిచి, గాజులత్త ఒళ్లో మల్లెలు ఎండకు వాడుతున్నాయి. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, నానమ్మ వైపు చూసి, నువ్వన్నదీ నిజమే వదినా అంది.

ఎవరో కెమెరా ఏదని అడిగారు. ఈ సీనుకు కెమెరా అక్కర్లేదండీ అని తాతయ్య సున్నం చేతులు దులుపుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ ఇళ్లకు పోలేదు. నానమ్మా గాజులత్తా ఆ గీతల మధ్యే ఒకే డబ్బాలోంచి తిన్నారు.

మీటింగులో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే మాట చెప్పారు. కట్టండి, కానీ పూలూ కూరలూ కిందే ఉండాలి, గాజులకు పైన పొడి జాగా ఇవ్వాలి అని. బజారంతా వాళ్ల వెనక నిలబడింది. అడిగినవన్నీ దొరకలేదు. నానమ్మకు కింద చోటిచ్చారు గానీ రోడ్డు ముఖం కాదు, మెట్ల వెనక. గాజులత్తకు పైన చినుకు పడని కొట్టు వచ్చింది. గాజులు కొన్న ప్రతి ఆడమనిషికీ కింద మెట్ల వెనక పూలున్నాయని చెప్పి పంపేది. కెమెరా దండల వ్యాన్లు మాత్రం తగ్గిపోయాయి. నానమ్మ ఆ బాధ దాచుకోలేదు, అట్లాగని గాజులత్త మీద చూపించనూ లేదు.

రేకులు దించి, స్తంభాలు పీకి, నేల చదును చేసిన రోజు నానమ్మ నన్ను తీసుకుని అక్కడికి పోయింది. ఒక్క గీత కూడా లేదు, ఎర్రమట్టి అంతే. నేను సూటిగా పరుగెత్తబోతే చేయి పట్టి ఆపింది. గేటున్న చోట లోపలికి తిప్పింది. కూరగాయల వరస దాటాక కుడికి, మురికి కాలవ దగ్గర ఎడమకు నడిపించింది. తన చోట ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. లోపలి చివరకు పోయి, గాజులత్త మూలలో ఆ మట్టి మీద కాసేపు కూర్చుంది.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. నానమ్మా గాజులత్తా కిరాయి తాతయ్యా, ముగ్గురూ లేరు. ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చినప్పుడు, వాళ్లు కూర్చున్న చోట పైన రేకు ఎట్లా ఉందో నాకేం తెలుసు అనుకుంటాను. అనుకున్నంత మాత్రాన ప్రతిసారీ కోపం పోదు గానీ, నోటి దాకా వచ్చిన మాట కొంచెం ఆగుతుంది. ఆ కాంప్లెక్స్‌కు పోతే కారు కింద పార్కింగ్‌లో పెట్టి, లిఫ్టు వైపు సూటిగా పోకుండా కుడికి, తర్వాత ఎడమకు నడుస్తాను. ఒక మూలకు రాగానే కాళ్లు ఆగుతాయి. పైన గట్టి సిమెంటు కప్పు ఉంది. అయినా చుక్క పడుతుందేమోనని తలెత్తి చూస్తాను.